ఊరి ముచ్చట ఎవరి నోట?

అడ్మిన్: కాకా, సూటిగనే అడుగుత. మన ఊర్ల బోరుమోటరు కాలిపోతె ముందు ఎవరికి తెలుస్తది? మన ఊరి వాట్సాప్ గ్రూపుకు. ఎవరన్న పానం ఇడిస్తె, బర్రె తప్పిపోతె, కరెంటు తీగ మీద చెట్టు వడితె, అన్నీ గ్రూపుకే. పేపర్ల మన ఊరు పేరు నెలకొక్కపారి కనవడ్తది, అది గూడ ఎవరో పెద్దమనిషి వచ్చి కొబ్బరికాయ కొట్టిననాడు. ఊరి ముచ్చట ఊరోళ్లే చెప్పుకునే దారి దొరికినంక నడుమ విలేకరి ఎందుకు?

విలేకరి: చెప్పిన మాటకు నిలవడెటందుకు బిడ్డా. ముప్పై ఏండ్లు ఈ మండలంల వార్తలు రాసిన. మొదట్ల ఎట్ల పంపేటోన్నో ఎరుకేనా? తెల్లకాయితాల మీద రాసి, కవర్ల పెట్టి, మూడు గంటల బస్సు డ్రైవర్ చేతిల పెట్టేటోన్ని. ఆ బస్సు తప్పితె వార్త తప్పినట్టే. తెల్లారి ఫస్టు బస్సుకు పేపరు కట్ట దిగేది. సుతిలి తెంపి, ముందు పేజీ జోలికి పోకుంట జిల్లా పేజీ తీసేటోన్ని. అండ్ల చనిపోయినాయన ఇంటిపేరు తప్పు వడ్డదనుకో, ఆ దినం హోటల్ కాడికి పోయి ఛాయ తాగే ధైర్యం రాకపోయేది. రాసింది నేనని ఊరందరికెరుక. పదిమంది నిలవెట్టి అడుగుతరు. మీ గ్రూపుల తప్పుడు ముచ్చట వస్తె ఎవర్ని నిలవెట్టాలె? పంపినోని పేరు ఉంటది గని పుట్టిచ్చినోని పేరు ఉండదు.

అడ్మిన్: నిలవెట్టి అడిగేటందుకు మనిషి ఉండాలన్న మాట ఒప్పుకుంట. గని నువ్వు హోటల్ కాడికే జవాబు చెప్పినవా కాకా? ఆగస్టు 15కు ఇన్ని యాడ్లు, జనవరి 26కు ఇన్ని, దసరాకు ఇన్ని అని మీకు టార్గెట్ పెడ్తరు గదా. ఆ యాడ్ ఇచ్చేటోడెవ్వడు? సర్పంచ్, మిల్లు సేటు, ప్రైవేటు బడి నడిపేటాయన, కాంట్రాక్టరు. వార్త ఎవరి మీద రాయాల్నో వాళ్ల దగ్గరనే చెయ్యి చాపుడు.

విలేకరి: నా నోట చెప్పిపియ్యాలని ఉన్నదా? చెప్త. రెండేండ్ల కింద యాసంగి వడ్ల కాలం. కొనుగోలు కేంద్రంల 40 కిలోల సంచికి 42 కిలోలు జోకుతున్నరని రైతులు నా ఇంటికొచ్చి చెప్పిండ్రు. తేమ 17 శాతం లోపటనే ఉన్నది, తాలు లేదు, అయినా తరుగు. నేను పోయి కాంటా చూసిన. నోట్‌బుక్కుల రాసుకున్న. గని పంపలే. ఆ వడ్లు దింపుకునే మిల్లాయన నాకు అంతకు ముందు దసరాకు పావు పేజీ ఇచ్చిండు. పంపితె వచ్చే దసరాకు నా టార్గెట్ ఎవరు నింపాలె? మాకు జీతం ఉండది బిడ్డా, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తను స్కేలుతోని కొలిచి, సెంటీమీటర్ల లెక్కన పైసలు. నెలంత తిరిగితె బండి పెట్రోలుకు ఎల్లేది. ఆ నోట్‌బుక్కు ఇంక నా దగ్గరనే ఉన్నది. తీసి చూడబుద్ది గాదు.

అడ్మిన్: నువ్వు పంపని వార్తనే మల్ల సాలు మా గ్రూపుల వచ్చింది. ఒక పిలగాడు కాంటా మీద సంచి పెట్టుడు, అంకె కనవడుడు, అంత వీడియో తీసిండు. పొద్దూకంగ పెట్టినం. తెల్లారి పది గంటలకల్ల సార్లు జీపేసుకొని వచ్చిండ్రు. ముప్పై ఏండ్ల జిల్లా పేజీ చెయ్యంది ఒక్క నిమిషం వీడియో చేసింది.

విలేకరి: వచ్చిండ్రు. వచ్చి ఎవర్ని పట్టుకున్నరు?

అడ్మిన్: …హమాలీని.

విలేకరి: ముఖం వానిదే కనవడ్డది గదా. బీహార్ నుంచి వచ్చిన పిలగాడు. ఎంత జోకుమంటె అంత జోకిండు. వాన్ని పని మాన్పిచ్చి ఎల్లగొట్టిండ్రు. మిల్లు నడుస్తనే ఉన్నది. నేను రాయకుంట తప్పు చేసిన. మీరు సగం చూపి తప్పు చేసిండ్రు. నా తప్పుకు రైతు సంచికి రెండు కిలోలు పోగొట్టుకున్నడు, మీ తప్పుకు పరాయి ఊరి కూలోడు కూడు పోగొట్టుకున్నడు. ఏది పెద్దదో నేను చెప్పలేను.

అడ్మిన్: నేను గూడ చెప్పలేను. గని ఒక్కటి. మనం తప్పు చేసినమని మాకు మూడు దినాలల్ల తెలిసింది. గ్రూపులనే ఒకామె గట్టిగ తిట్టింది. నీ తప్పు నీ నోట్‌బుక్కుల రెండేండ్లున్నది.

విలేకరి: సరే. మీ తిట్లు మీకు మందే అనుకుందాం. గని జిల్లా పేజీ అంటె నీకు కొబ్బరికాయల ఫొటోలే యాదికొస్తున్నయి. అది లేనప్పుడు ఎట్లుండెనో నీకు తెల్వది. నిజాం కాలంల ఇక్కడ తెలుగు పేపరు నడుపుడే యుద్ధం. 1926ల సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక పెట్టిందాక, తెలంగాణ పల్లెలల్ల దొరల వెట్టి గురించి తెలుగుల రాసే పేపరు దొరుకుడే కష్టం. 1948 ఆగస్టుల ఇమ్రోజ్ పేపరు ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ను నడి సడక్ మీద నరికిండ్రు. నిజం రాసినందుకు. తర్వాత గూడ ఎన్నో ఏండ్లు పేపరంటె హైదరాబాదు, బెజవాడ ముచ్చటే. మన ఊరు ఎక్కాల్నంటె ఖూనీ అన్న కావాలె, వరద అన్న రావాలె. 1989ల ఈనాడు జిల్లాకొక చిన్న పేపరు లోపట పెట్టుడు షురూ చేసింది. తర్వాత మిగిలినోళ్లందరు అదే దారి పట్టిండ్రు. అప్పటిసంది మండలానికొక విలేకరి. ఎండిన చెరువు, టీచరు రాని బడి, బిల్లు రాని ఇండ్లు, ఇవి గూడ వార్తలే అని అచ్చుల చూసుకున్నది అప్పుడే. 'కథనానికి స్పందన' అని తెల్లారి చిన్న డబ్బా వస్తుండె. చేతిపంపు బాగైందని, సర్కారు దవాఖానల డాక్టరు వచ్చిండని. అది చిన్న ముచ్చటా? మా అవ్వ ఆ ముక్క కత్తిరిచ్చి సందుగ మూతకు లోపట అంటువెట్టింది. ఇప్పటికీ ఉన్నది, పచ్చగైపోయి.

అడ్మిన్: చిన్న ముచ్చట గాదు. గని ఆ జిల్లా పేజీనే ఒక గోడ కట్టింది కాకా, అది నువ్వెందుకు చెప్తలేవు? సిరిసిల్లల మరమగ్గాల మీద పనిచేసేటోళ్లు ఒకరెనుక ఒకరు ఉరేసుకున్నరు. ఆ వార్త ఎవరు చదివిండ్రు? కరీంనగర్ పేజీ చదివేటోళ్లు. గోదావరి దాటితె మంచిర్యాల, అక్కడికి రాదు. హైదరాబాదుల కూసున్నోనికి అసలే రాదు. ఊరి గోస పేపరెక్కింది నిజమే, గని జిల్లా పొలిమేర దాటలే. కలెక్టర్ కాడ మొదలై కలెక్టర్ కాడనే ఆగింది. 2016 దసరానాడు కరీంనగర్ నాలుగు జిల్లాలాయె, ఆదిలాబాద్ నాలుగు జిల్లాలాయె. మీ పేజీ గూడ అట్లనే ముక్కలాయె. ఇప్పుడు సిరిసిల్ల చావు పెద్దపల్లికి గూడ తెల్వది.

విలేకరి: ఈ మాట నా గుండెల ముల్లోలె ఉన్నది. నేను రాసిన ఒక వార్త, ఒక ఆలుమగలు అప్పులకు మందు తాగిన వార్త, జిల్లా పేజీల పైన పెట్టిండ్రు. నాకు గొప్పనిపిచ్చింది. నాలుగు దినాల తర్వాత హైదరాబాద్ పోతె నా దోస్తు, ఆయన గూడ పేపర్లనే పనిచేస్తడు, 'మీ దిక్కు ఏం వార్తలు?' అని అడిగిండు. నేను రాసేది ఆయన పనిచేసే పేపరుకే. ఆయన చదివే పేపర్ల ఆ వార్తే లేదు. ఆ దినం నాకు తెలిసింది, నేను బాయిల మొత్తుకుంటున్న అని.

అడ్మిన్: మా ఫోన్‌కు బాయి లేదు.

విలేకరి: బాయి లేదు, గట్టు గూడ లేదు. ఎంత దూరం పోతదో ఎవనికెరుక? 2018 మే నెల యాదున్నదా? పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని తెలంగాణ అంత ఫోన్లల్ల మోగింది. ఊర్లల్ల కట్టెలు పట్టుకొని రాత్రుళ్లు కావలి కాసిండ్రు. పక్కనున్న నిజామాబాద్ జిల్లాల ఒక మనిషిని కొట్టి చంపిండ్రు. ఎవ్వని పిల్ల పోలే. ఆ జులైల వాట్సాప్ కంపెనీయే భయపడి, మనదేశంల ఒక మెసేజ్ ఐదు చాట్ల కంటె ఎక్కువకు ఒక్కపారే ఫార్వర్డ్ చెయ్యకుండ కట్టడి చేసింది. సరే, అది మన ఊరు గాదనుకో. 2020 మార్చిల కరీంనగర్‌కు ఇండోనేషియా నుంచి వచ్చినోళ్లకు కరోనా తేలినప్పుడు మన గ్రూపుల ఏం నడిచిందో నీకెరుకే. మన ఊరికి ఇరవై ఏండ్ల సంది గాజులు అమ్మవచ్చే సాయెబు, పెండ్లికి, శ్రీమంతానికి అందరి చేతులకు గాజులు తొడిగినోడు, లాక్‌డౌన్ ఎత్తేసినంక వస్తె పొలిమేర కాడనే ఆపిండ్రు. ఎవరు ఆపుమన్నరు? సర్పంచ్ గాదు, పోలీసు గాదు. ఒక మెసేజ్.

అడ్మిన్: ఆ మెసేజ్ నేను తీసేసిన కాకా. రెండు గంటలకు చూసి తీసేసిన.

విలేకరి: రెండు గంటలు.

అడ్మిన్: అవును, రెండు గంటలు. అప్పటికే అందరు చదివిండ్రు. తీసేసినందుకు నన్ను నలుగురు తిట్టిండ్రు గూడ. ఆయన మల్ల మన ఊరికి రాలే. నేను కాదంటలేను. గని ఆ నెల టీవీలల్ల, పేపర్లల్ల ఏం రాసిండ్రో నువ్వు గూడ ఒకపారి యాదికి తెచ్చుకో. మా ఫోన్లకు ఆ ముచ్చట ఆకాశం నుంచి ఊడిపడలే.

(ఇక్కడ ఒక మాట ఈ సంవాదం రాసిన నేనే చెప్పాలి. ఆ గాజులాయన గురించి మాట్లాడుతున్నప్పుడు ఇద్దరి గొంతూ తగ్గింది. వాదన గెలవడానికి ఇద్దరూ ఆ మనిషిని వాడుకోలేదు. సంవాదంలో ఇది అరుదు.)

విలేకరి: సరే, నువ్వు చెప్పు. గ్రూపు ఎందుకు పెట్టినవ్ అసలు?

అడ్మిన్: వార్తల కోసం గాదు. మా ఆయన మస్కట్ పోయినంక పెట్టిన. మన దిక్కు ఏ ఊర్ల చూసినా ఇంటికొకరు దుబాయో, మస్కటో, సౌదీయో. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఊర్లు సగం అక్కడనే బతుకుతున్నయి. వాళ్లకు ఏ పేపరు వస్తది? కులసంఘం, యూత్ సంఘం అన్నిటికంటె వాళ్లకు ఊరు కావాలె. బతుకమ్మ ఆడుతుంటె ఫోన్ పట్టుకొని నిలవడ్త. అక్కడ పదిమంది ఒక్క గదిల ఒక్క ఫోన్ ముంగట కూసోని చూస్తరు. 'వాకిట్ల ఉన్నది మా అమ్మనేనా, గింత బక్కగైందేంది' అని ఒకాయన రాసిండు. దాన్ని వార్త అంటవా, అనవా?

విలేకరి: అంట. నేను రాసిన చాన వార్తల కంటె పెద్ద వార్త.

అడ్మిన్: అయితె దాని ధర గూడ విను. ఒక పిలగాడు అక్కడ పోయిండు. నిద్రలనే పానం పోయిందట. అదే క్యాంపుల ఉన్న ఒకాయన తెలియక ఫొటో గ్రూపుల పెట్టిండు. పొద్దుగాల నాలుగున్నర. నేను ఇంక లేవలే. పిలగాని తల్లి వాకిట్ల సాన్పి జల్లుతున్నది. పక్కింటి చిన్నపోరడు ఫోన్ చూసుకుంట వచ్చి, 'పెద్దమ్మా, గీయన మీ కొడుకు గాదా' అని చూపెట్టిండు. బకెట్ చేతుల్నుంచి జారలే కాకా. అట్లనే పట్టుకొని నిలవడ్డది. చానసేపు. నేను ఉరికచ్చేసరికి గూడ అట్లనే ఉన్నది. అడ్మిన్‌ను నేను. పొద్దుగాల ఐదింటిదాక గ్రూపుల ఎవ్వరు పెట్టకుంట తాళం ఎయ్యొచ్చు, ఆ సంగతి నాకు తెలుసు. ఎయ్యలే.

విలేకరి: …మా దాంట్ల ఒక కట్టుబాటు ఉండె. ఇంటోళ్లకు తెలిసిందాక పేరు రాయొద్దు. ఎవరు నేర్పిండ్రో యాదికి లేదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ కాడ బస్సు లోయల పడ్డప్పుడు, అరవై మందికి పైన పోయిండ్రు, ఎక్కువ మంది కొడిమ్యాల దిక్కు ఊర్లోళ్లే, గుడికి, దవాఖానకు, పనులకు ఎల్లినోళ్లు. ఆ దినం ఫోన్లల్ల శవాల ఫొటోలు పగటీలికే తిరిగినయి. మేము రాత్రి పన్నెండు దాక పేర్లు సరిజూసుకుంట కూసున్నం. తండ్రి పేరు, ఊరు, వయసు. ఒక్కటే పేరు గల్లోళ్లు ఇద్దరున్నరు, ఒకామె బతికున్నది. ఆమె పేరు జాబితాల పోతె? ఆ ఒక్క పేరు కోసం రెండు ఊర్లకు ఫోన్ చేసినం. పేపరు లేటైంది. డెస్కుల తిట్టిండ్రు. గని తప్పు పోలే.

అడ్మిన్: ఆ ఓపిక మా దగ్గర లేదు. ఉండాలె. నేర్పేటోళ్లు లేరు. మీరు మమ్ముల 'యూట్యూబ్ గాళ్లు, గ్రూపు గాళ్లు' అని పక్కకు నూకుతరే గని, ఈ కట్టుబాటు ఉన్నదని ఒక్కపారన్న వచ్చి చెప్పిండ్రా? అదొక్కటి పక్కనపెడ్త. ఆ పిలగాని ఫొటోతోని తప్పయింది, గని శవం ఇంటికొచ్చింది గూడ ఆ గ్రూపుతోనే. కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడ, పాస్‌పోర్టు ఎవరి దగ్గర, అన్నీ అక్కడున్నోళ్లు ఫోన్లల్లనే పట్టిండ్రు. శంషాబాద్ల పెట్టె దిగేదాక దినాం రాసిండ్రు. పేపర్ల ఎప్పుడొచ్చింది? పెట్టె ఊర్లకొచ్చి, లీడర్ పూలదండ ఏసినంక.

విలేకరి: లాక్‌డౌన్ కాలంల మా జిల్లా పేపరే పోయింది బిడ్డా. పెద్ద పేపర్ల లోపట రెండు పేజీలు మిగిలినయి. యాడ్లు పోను మండలానికి ఎనిమిది లైన్లు. ఆ ఎనిమిది లైన్లల్ల నీ పిలగాని గోస పట్టది, పూలదండ పడ్తది. నేనెంత కొట్లాడినా.

అడ్మిన్: మరి మీ వార్త మనోళ్లోలె మాట్లాడకపోవుడు? అది స్థలం తక్కువై గాదు గదా. మల్యాల మండలం లంబాడిపల్లి పిలగాండ్లు 2012ల యూట్యూబ్ల మై విలేజ్ షో పెట్టిండ్రు. అండ్ల గంగవ్వ ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడింది, లోకమంత విన్నది. మీ పేపర్ల మా అత్త చెప్పిన మాట రాస్తె అది మా అత్త మాటోలె ఉండది, పంతులు మాటోలె ఉంటది.

విలేకరి: అది ఒప్పుకుంట. నేను 'పొద్దుగాల' అని రాసి పంపేది, అచ్చుల 'ఉదయం' అయి వచ్చేది. కొన్నేండ్లకు నేనే 'ఉదయం' రాసుడు నేర్చుకున్న.

గని ఇంకో ముచ్చట ఉన్నది. నీ గ్రూపుల అందరున్నరా? దళితవాడకు వేరే గ్రూపు ఉన్నదట.

అడ్మిన్: ఉన్నది.

విలేకరి: ఎందుకున్నది?

అడ్మిన్: మొదట్ల అందరం ఒక్కటే. కుంట కాడ భూమి పంచాయతీ వచ్చినప్పుడు రాత్రికి రాత్రి ఇద్దరు ముగ్గురు ఎచ్చులకు పోయి రాయరానివి రాసిండ్రు. తెల్లారేసరికి వాళ్లు ఎల్లిపోయిండ్రు. బతిలాడిన, రాలే. 2024 ఫిబ్రవరిల సర్పంచుల గడువు అయిపోయినంక, రెండేండ్ల దగ్గర దగ్గర ప్రత్యేకాధికారి పాలనల, మోరీలు, నీళ్లు, లైట్లు అన్నీ గ్రూపుతోనే గట్టెక్కిచ్చినం. అప్పుడు అందరు మెచ్చుకున్నరు. 2025 డిసెంబర్ల ఓట్లు రాంగనే గ్రూపు మల్ల మూడు ముక్కలైంది. ఆడోళ్లు ఎంతమంది రాస్తరు అంటవేమో. చదువుతరు, వాయిస్ పెడ్తరు, రాసేది తక్కువ. రాత్రి పదిగంటలకు నేను మెసేజ్ పెడితె, 'ఈమెకు ఇంట్ల పని లేదా' అంటరు. ఇవన్ని నాకెరుకే. గని పేపర్ల దళితవాడ నుంచి ఎంతమంది విలేకర్లున్నరు? ఆడ విలేకరి ఈ మండలంల ఎప్పుడన్న ఉన్నదా? అంతెందుకు, మీ కంటె ముందు, ఫోన్ల కంటె ముందు డప్పు సాటింపు ఉండె. ఊరికి వార్త చెప్పినోడు ఎవరు? మాదిగాయన. ఎవరి బర్రె తప్పినా, ఎవరింట్ల చావైనా, పట్వారీ వచ్చినా ఆయన గొంతే. గని ఆయన తన గోస ఒక్కపారన్న ఆ డప్పు మీద సాటింపు చేసిండా? డప్పు ఆయనది, ముచ్చట మనది. పేపరు వచ్చినా అంతే అయింది. మొట్టమొదలు ఇప్పుడే, ఆ వాడ గ్రూపుల, వాళ్ల ముచ్చట వాళ్లే చెప్పుకుంటున్నరు. వాళ్లు మా గ్రూపుల్నుంచి పోయినందుకు నాకు బాధున్నది. వాళ్లకంటూ ఒకటి ఉన్నందుకు బాధ లేదు.

విలేకరి: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్త. వాళ్ల ముచ్చట వాళ్లే చెప్పుకొని వాళ్లే వింటే, నేను చెప్పిన బాయి మల్ల తయారైతది. జిల్లా బాయి పోయి వాడ బాయి. ఈ మండలానికి రాకముందు ఉట్నూరు దిక్కు రెండేండ్లు పనిచేసినప్పుడు, ముచ్చట బయటికి చెప్పేటోడు లేకపోతె ఏమైతదో చూసిన. ఇంద్రవెల్లి స్తూపం కాడికి పోయిన. 1981 ఏప్రిల్ 20, గోండులు సభ పెట్టుకుంటమంటె కాల్పులు. సర్కారు పదముగ్గురు అన్నది. అక్కడి ముసలోళ్లు చెప్పేది వేరు, చానమంది అంటరు. ఆ లెక్క ఇంక తేలలే. ఆ రోజు అక్కడ మండల విలేకరి అనేటోడు లేడు.

అడ్మిన్: ఫోన్ గూడ లేదు. ఒక్క ఫోన్ ఉంటె లెక్క మీద ఇన్నేండ్ల పంచాయతీ ఉండకపోవు.

విలేకరి: ఉండకపోవచ్చు. గని ఆ రోజు సంగతి ఎంతోకొంత లోకానికి తెలిసిందంటె, పౌరహక్కులోళ్లు, రాసేటోళ్లు గూడేలు తిరిగి, పేరు పేరునా అడిగి, కాయితం మీద పెట్టబట్టే. ఫోన్ చూస్తది, అడగది. ఎవరు కాల్చుమన్నరు అన్న సంగతి ఏ కెమెరాల పడ్తది?

అడ్మిన్: మరి కడెం ప్రాజెక్టు ముచ్చటకు ఏమంటవ్? 2022 జులై. ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, గేట్లెత్తినా మూడు లక్షలే బయటకు పోతది. 18 గేట్లల్ల ఒకటి లేవలే. కట్ట పోతదనుకున్నరు. కింది ఊర్లు రాత్రికి రాత్రి ఖాళీ చేసిండ్రు. మా చెల్లె ఆ దిక్కే ఉంటది. పొద్దున ఏడుకు పేపరు వస్తదని ఉంటె ఆమె ఏమైతుండె? రాత్రంత గ్రూపులల్లనే, 'ఏ తొవ్వ తెరిచున్నది, ఏ బడిల జాగ ఉన్నది' అని.

విలేకరి: నీ చెల్లెను ఫోన్ కాపాడింది. కాదన్నోడు మనిషి గాదు. గని వరద తీసినంక గ్రూపులు ఇంకో ముచ్చటకు పోయినయి. ఆ గేటు ఎందుకు లేవలే, గేట్లకు పైసలు ఎన్నడు వచ్చినయి, ఎన్నడు రాలే అని అడిగింది పేపర్లే. నాకు యాదున్నది, క్లిప్పింగ్ ఉన్నది.

అడ్మిన్: మల్ల ఏడు 2023 జులైల మల్ల వరద వచ్చింది. మల్ల కొన్ని గేట్లు లేవలే. మా చెల్లె మల్ల మూట కట్టుకొని ఉరికింది. నీ క్లిప్పింగ్ ఏం చేసింది కాకా?

విలేకరి: …

అడ్మిన్: నేను నిన్ను ఓడగొట్టాలని అడుగుతలేను. నాకు నిజంగనే తెల్వాలె. గుర్తు పెట్టుకున్నా పని కాకపోతె, గుర్తు ఎందుకు?

విలేకరి: రెండోపారి అడిగేటందుకు. ఇంతకన్న నాకు తెల్వది. కేస్లాపూర్ల నాగోబా జాతర చూసినవా? పుష్యమాసం అమావాస్యకు ముందు మెస్రం వంశపోళ్లు ఎడ్లబండి కట్టుకొని ఊరూరు తిరిగి జాతర ముచ్చట చెప్తరు. తర్వాత హస్తినమడుగు దాక చెప్పుల్లేకుంట నడిచిపోయి గోదావరి నీళ్లు తెస్తరు. ఇప్పుడు వాళ్లందరి చేతులల్ల ఫోన్లున్నయి. ఒక్క మెసేజ్ కొడితె అందరికి తెలుస్తది. అయినా బండి కడ్తరు. నేను ఒక పెద్దాయన్ను అడిగిన, ఎందుకని. ఆయన నన్ను చూసి, 'వచ్చి చెప్పకపోతె పిలిచినట్టెట్లయితది' అన్నడు. నాకు వార్త అంటె అది. మనిషి వచ్చి చెప్పుడు.

అడ్మిన్: మంచిగున్నది. గని కాకా, మన ఊరికి వచ్చి చెప్పేటోడు నువ్వొక్కనివే ఉన్నవ్, నీకు అరవై దాటినయి. నీ తర్వాత ఎవ్వరు ఆ సెంటీమీటర్ల లెక్కకు వస్తలేరు.

విలేకరి: రారు. నా కొడుకునే రావద్దన్న.

అడ్మిన్: అయితె ఇప్పుడు నేనేం చెయ్యాల్నో చెప్పు. మన కొనుగోలు కేంద్రంల మల్ల 42 జోకుతున్నరు. వీడియో ఉన్నది.

విలేకరి: ఎవరెవరికి పంపినవ్?

అడ్మిన్: ఇంక ఎవ్వరికి పంపలే.

విలేకరి: రెండు దినాలియ్యి బిడ్డా. ట్రక్ షీట్లు సంపాయిస్త. ఇక్కడ ఎక్కిన లెక్క, మిల్లుల దిగిన లెక్క పక్కపక్కన పెట్టి రాస్త. ఈపారి దసరా యాడ్ పోతె పోనీ.

అడ్మిన్: ఎనిమిది లైన్లల్లనా?

విలేకరి: ఎనిమిది లైన్లల్లనే.

అడ్మిన్: రెండు దినాలల్ల మన వాడకట్టు వడ్లన్నీ జోకుడైపోతయి. మా అత్త వడ్లు రేపే కాంటా మీదికి పోతున్నయి. ఇరవై దినాల సంది ఆరబోసి, వానకు కవర్లు కప్పి కావలి ఉన్నది ముసల్ది.

విలేకరి: హమాలీ ముఖం?

అడ్మిన్: కనవడకుంట కోసిన. గొంతు ఉన్నది. 'ఇంకొంచెం పొయ్యుమన్నరు' అని వాడు అన్న మాటనే అసలు సాక్ష్యం. గొంతు తీస్తె ఉత్త సంచి మిగుల్తది.

విలేకరి: ఊర్ల గొంతు చాలు, ఎవరిదో పట్టేటందుకు.

అడ్మిన్: ఎరుకే. అందుకే నిన్న రాత్రి సంది ఫోన్ల పెట్టుకొని కూసున్న.

విలేకరి: ఆ పిలగాడు ఉండేదెక్కడ?

అడ్మిన్: మిల్లు వెనుక రేకుల షెడ్డుల. మన మాట సగమే వస్తది వానికి.

విలేకరి: రేపు కాంటా ఎన్నింటికి షురూ అయితది?

అడ్మిన్: ఏడుకు.